బండ అంచు దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను. ఈ అడ్వెంచర్ క్యాంపులతో మనిషి నిజంగా మారతాడా?

నిద్రగన్నేరు
పోయిన గురువారం నుంచి ఆదివారం దాకా మా ఆఫీసు వాళ్ళు మమ్మల్ని అనంతగిరి వైపు ఒక అడ్వెంచర్ ట్రైనింగ్ క్యాంపుకి తీసుకెళ్ళారు. మొత్తం 32 మందిమి. టెంట్లలో పడుకోవడం, తెల్లారకుండానే లేపి వ్యాయామం, కొండ నడక, రాత్రి నెగడు చుట్టూ ఆటలు. రెండో రోజు ర్యాపెలింగ్, అంటే తాడు పట్టుకుని బండ మీంచి కిందికి దిగడం.

60 అడుగుల బండ. నా వంతు వచ్చింది. హార్నెస్, అంటే నడుముకీ తొడలకీ పట్టే బెల్టు, కట్టారు, హెల్మెట్ పెట్టారు, తాడు తగిలించారు. లోయకి వీపు పెట్టి, మడమలు అంచు మీద ఆనించి నిలబడ్డాను. "వెనక్కి వాలండి" అన్నారు. వాలలేకపోయాను. తాడు పట్టుకున్న వేళ్ళు తెల్లగా పాలిపోవడం కనబడుతోంది. నా కాళ్ళ దగ్గర బండ పగుల్లో ఒక గడ్డిమొక్క గాలికి ఊగడం కనబడుతోంది. ఇంకేమీ తెలియలేదు. ఇరవై నిమిషాలు అలాగే ఉన్నానని తర్వాత చెప్పారు. ట్రైనరేమో "కళ్ళు మూసుకుని వదిలెయ్ అమ్మా" అంటున్నాడు, వెనకాల మావాళ్ళు "కమాన్, కమాన్" అని అరుస్తున్నారు. ఏడుపొచ్చేసింది. విప్పెయ్యమని, పక్కనున్న మట్టి దారిలో నడిచి కిందికి దిగాను.

29 మంది దిగారు. ఇద్దరికి ముందే ఒంట్లో బాగోలేదు. భయపడి మానేసింది నేనొక్కదాన్నే. సోమవారం ఆఫీసుకి వెళ్ళేసరికి నేను ఏడుస్తున్న వీడియో టీమ్ గ్రూపులో ఉంది.

చివరి రోజు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి "మీలో ఏం మారింది" అని అడిగారు. ఒకరి తర్వాత ఒకరు "నా భయం పోయింది" అని చెప్పారు. నా దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. వెళ్ళినవాళ్ళని అడుగుతున్నాను. నాలుగు రోజుల్లో నిజంగా ఏమైనా మారుతుందా? నేను మళ్ళీ ప్రయత్నించాలా, ఇది నా వల్ల కాదని వదిలెయ్యాలా?

గాజువాక_బుల్లోడు
ఒక్క అడుగు వేసుంటే అయిపోయేదండీ. నేనూ వణికాను, కానీ దూకేశాను. ఆ రోజు నుంచి దేనికీ భయం లేదు. మళ్ళీ వెళ్ళండి, ఆలోచించకుండా వాలిపోండి.

సీతమ్మధార_అమ్మ
ముందు ఆ వీడియో తీయించెయ్యమ్మా. మిగతా సంగతి తర్వాత. ఏడుస్తున్న ఆడపిల్లని వీడియో తీసినవాళ్ళకి ఆ క్యాంపులో ఏం నేర్పారట?

తాడు_మనిషి
తొమ్మిదేళ్ళు ఇలాంటి క్యాంపుల్లో తాడు పని చేశాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

బుల్లోడు గారూ, ర్యాపెలింగ్‌లో "దూకెయ్యడం" అనేది ఉండదు. అలా దూకితే తాడు మీదా, దాన్ని కట్టిన చోటా ఒక్కసారిగా బరువు పడుతుంది. కుర్చీలో కూర్చున్నట్టు హార్నెస్‌లో కూర్చోవాలి. పాదాలు భుజాల వెడల్పున పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి, కాళ్ళు బండకి అడ్డంగా వచ్చేదాకా వెనక్కి వాలాలి. కింది చెయ్యి, అంటే బ్రేకు చెయ్యి, తుంటి పక్కన ఉండాలి. ఆ చెయ్యి ఎంత వదిలితే అంతే దిగుతారు. అంచు దాటే మొదటి మూడు అడుగులే కష్టం. అక్కడ తాడు ఇంకా పాదాల ఎత్తులోనే ఉంటుంది, ఆధారం ఉన్నట్టు ఒంటికి తెలియదు. ఒకసారి బరువు తాడు మీద పడిందంటే 60 అడుగులైనా 200 అడుగులైనా ఒకటే పని.

నిద్రగన్నేరు గారూ, "కళ్ళు మూసుకో" అని ఏ ట్రైనరూ అనకూడదు. పాదం ఎక్కడ పెడుతున్నారో చూసుకోవాల్సిన చోట కళ్ళు మూసుకోవడం ఏమిటి? మీరు నాకు నాలుగు సంగతులు చెప్పండి. ముందు పది, పదిహేను అడుగుల చిన్న వాలు మీద ప్రాక్టీసు చేయించారా? మీరు దిగే తాడు కాకుండా ఇంకొకరి చేతిలో రెండో తాడు, అంటే సేఫ్టీ తాడు, మీకు కట్టి ఉందా? 32 మందికి ట్రైనర్లు ఎంతమంది? మీకు పొడుగు జడ ఉంటే లోపలికి దోపమన్నారా?

కంచరపాలెం_కిట్టు
జడతో ఏం పని సార్?

తాడు_మనిషి
తాడు వెళ్ళే ఇనప పరికరం సరిగ్గా బొడ్డు ముందు ఉంటుంది కిట్టూ. తల వంచి కిందికి చూసినప్పుడు జడో చున్నీయో అందులో చిక్కిందంటే మనిషి మధ్యలో ఇరుక్కుపోతుంది, పైకీ రాలేదు, కిందికీ పోలేదు. నా కళ్ళ ముందు ఒకసారి జరిగింది. పైనుంచి ఇంకో తాడు మీద దిగి, ఆ అమ్మాయి బరువు నా తాడు మీదకి మార్చి, జుట్టు విడిపించేసరికి ముప్పావు గంట పట్టింది. అప్పటినుంచి నా చేతికింద ఎవరు దిగినా ముందు చూసేది జడే.

లెక్కల_మాస్టారు
నాలుగు రోజుల్లో మనిషి మారిపోయేట్టయితే పదేళ్ళు బడులు నడపడం ఎందుకు? ఆఫీసుల వాళ్ళు డబ్బు కడతారు, క్యాంపు వాళ్ళు సర్టిఫికెట్ ఇస్తారు, అందరూ ఫోటో దిగుతారు. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను. మార్పు రోజూ చేసే పని వల్లే వస్తుంది. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, అప్పటికి ఆ పిల్ల వయసు 13 ఏళ్ళ 11 నెలలు. అందరికీ గుర్తున్నది ఆ ఒక్క రోజే. భువనగిరి బండల మీద ఎన్ని నెలలు చేతులు కొట్టుకుపోయాయో, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో ఎన్ని రోజులు నడిపించారో ఎవరికీ పట్టదు. ఒక్క అడుగుతో భయం పోయిందని గాజువాక బుల్లోడు గారు అంటున్నారు. ఆయన మాట అబద్ధమని అనను, కానీ దాన్ని అందరికీ మందుగా ఇవ్వకండి.

గాజువాక_బుల్లోడు
మాస్టారూ, నా అనుభవమే కదా చెప్పాను. ఇంటర్ తప్పి ఇంట్లో ముడుచుకుని కూర్చున్నవాణ్ణి. ఆ బండ దిగాక సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి నా కాళ్ళతో నేను వెళ్ళాను. నాకది నిజం.

లెక్కల_మాస్టారు
అది చెప్పావు, బాగుంది నాయనా. ఫీజు కట్టడానికి వెళ్ళావు చూడు, నాకు బండ కన్నా అదే పెద్దదిగా కనబడుతోంది.

ద్వారకానగర్_చదువరి
మాస్టారి మాటకి ఒక సంగతి కలుపుతాను. ఇప్పుడు మనం చూసే ఈ తరహా క్యాంపులకి దారి వేసింది ఔట్‌వర్డ్ బౌండ్. 1941లో, యుద్ధ కాలంలో, వేల్స్‌లోని అబర్‌డవీ అనే సముద్రపు ఊళ్ళో మొదలైంది. కర్ట్ హాన్ అనే బడి పంతులు, లారెన్స్ హోల్ట్ అనే ఓడల యజమాని కలిసి పెట్టారు. ఓడలు మునిగినప్పుడు పెద్ద వయసు నావికులు తట్టుకుని బతుకుతున్నారు, వాళ్ళకన్నా బలంగా ఉన్న కుర్రాళ్ళు చనిపోతున్నారని హోల్ట్ బాధ. కండబలం ఉంటే చాలదు, కష్టంలో తన మీద తనకీ పక్కవాడి మీదా నమ్మకం ఉండాలని ఆ కుర్రాళ్ళకి దాదాపు నెల రోజుల కోర్సు పెట్టారు. ఆ నెలని మనం నాలుగు రోజులు చేసి, అందులోనూ ఒక పూట ఆటలకి ఇచ్చేశాం. ఫలితం తగ్గిందంటే తగ్గదా మరి?

సీతమ్మధార_అమ్మ
మా వాణ్ణి తొమ్మిదో తరగతి వేసవిలో పది రోజుల క్యాంపుకి పంపాను. వచ్చిన రోజు తిన్న కంచం తనే కడిగాడు. మా అత్తగారు దిష్టి తీశారు. మూడు వారాలు కడిగాడు, తర్వాత మామూలే, సోఫా, ఫోను.

కానీ ఒకటి మాత్రం నిలిచింది. పడుకునే ముందు రేపటి బ్యాగు తనే సర్దుకుంటాడు. నేను చెప్పక్కర్లేదు. క్యాంపులో ఒక రాత్రి వాన కురిసి, టార్చి ఎక్కడ పెట్టాడో దొరక్క చీకట్లో తడిశాడట. అప్పటినుంచి టార్చి బ్యాగులో ఎడం జేబులోనే ఉంటుంది. రెండేళ్ళయింది. స్కూలు బ్యాగులో టార్చి ఎందుకురా అంటే నవ్వుతాడు.

కంచరపాలెం_కిట్టు
దిష్టి తీశారట, అద్భుతం అండీ. మా ఇంట్లో నేను కంచం కడిగితే ముందు జ్వరం చూస్తారు.

ఉప్పుగాలి
మాది జాలరిపేట. రుషికొండ దగ్గర కయాకింగ్, అంటే తెడ్డుతో చిన్న పడవ నడపడం, నేర్పుతాను. బండ సంగతి నాకు తెలీదు, సముద్రం సంగతి చెప్తాను.

మొదటి రోజు అందర్నీ కావాలనే పడవ బోల్తా కొట్టిస్తాం. లైఫ్ జాకెట్ ఉంటుంది, పక్కన మేం ఉంటాం. నీళ్ళలో పడగానే మనిషి చేసే మొదటి పని కాళ్ళూ చేతులూ గట్టిగా కొట్టుకోవడం. జాకెట్ తేలుస్తూనే ఉంటుంది, అయినా కొట్టుకుంటారు. "ఏటండీ బాబూ, ఒక్క నిమిషం ఊరుకోండి, నీళ్ళే మిమ్మల్ని మోస్తాయి" అంటాం. ఊరుకోవడం నేర్చుకోడానికే కొందరికి రెండు రోజులు పడుతుంది.

ఒడ్డున లోపలికి లాగే నీరు కూడా అంతే. ఆర్కే బీచ్‌లో, యారాడలో ప్రాణాలు పోయేది చాలా వరకు దాని వల్లే. లాగుతున్నప్పుడు ఒడ్డు వైపు ఎదురీదితే ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఆ లాగుడు సన్నటి పాయలా ఉంటుంది. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది పాయ దాటితే, తర్వాత అలలే ఒడ్డుకి తోసేస్తాయి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. మా నాన్న నాకు ఎనిమిదేళ్ళప్పుడు తెప్ప మీంచి నీళ్ళలోకి దించి చెప్పిన మాట ఇది. భయం పొమ్మంటే పోదు, దాంతో ఏం చెయ్యాలో ముందే తెలిసుండాలి.

పాడేరు_కాఫీ
మా వైపు కొండలకి వచ్చే క్యాంపుల గురించి ఒక మాట. మీరు ట్రెక్కింగ్ అని నడిచే దారిలో మా అమ్మ ప్రతి వారం పసుపు, పిప్పళ్ళు మోసుకుని సంతకి వెళ్ళొస్తుంది. దారిలో గెడ్డ, అంటే కొండవాగు, దాటాలి. వానాకాలం గెడ్డ పొంగితే అవతలే ఉండిపోవాలి. ఆ నడకకి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

కోపంతో అనడం లేదు. రెండు సీజన్లు నేనే ఒక క్యాంపులో సామాన్లు మోసే పనికి వెళ్ళాను. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మంచివాళ్ళే. కానీ రాత్రి పెద్ద స్పీకర్లు పెడతారు, పొద్దున్న గెడ్డ నిండా ప్లాస్టిక్ గ్లాసులు. ఆ నీళ్ళే మేం కింద తాగుతాం. ఒకసారి ఒక కుర్రాడు, నగరం వాడే, చివరి రోజు బస్సు హారన్ కొడుతున్నా రాకుండా గెడ్డలో దిగి ఒక్కో గ్లాసూ ఏరాడు. ఎవరూ చెప్పలేదు. ఆఖరికి మా అమ్మ చోడి (రాగి) అంబలి పోసి ఇచ్చింది, నిలబడి తాగి వెళ్ళాడు. ఆ నాలుగు రోజుల్లో ఎవరైనా మారారంటే నాకు గుర్తొచ్చేది ఆ కుర్రాడే.

నిద్రగన్నేరు
పాడేరు గారూ, మా క్యాంపులోనూ స్పీకర్లు పెట్టారు. అప్పుడు నాకు అనిపించలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

తాడు మనిషి గారి ప్రశ్నలకి జవాబులు. చిన్న వాలు మీద ప్రాక్టీసు లేదు, నేరుగా పెద్ద బండకే తీసుకెళ్ళారు. ట్రైనర్లు ఇద్దరు, ఒకరు పైన, ఒకరు కింద. జడ సంగతి ఎవరూ అనలేదు. నా జడ నడుం దాకా ఉంటుంది. రెండో తాడు లేదు. మీరు అడిగేదాకా అలాంటిది ఒకటి ఉంటుందని నాకు తెలీదు. మావాళ్ళ ఫోటోలన్నీ మళ్ళీ చూశాను. అన్నిటిలోనూ ఒకే తాడు.

తాడు_మనిషి
మొదటిసారి దిగేవాళ్ళని రెండో తాడు లేకుండా, అందులోనూ 60 అడుగులు... నా దగ్గర అలా జరిగుంటే ఆ రోజే పని ఆపేసేవాణ్ణి. కొన్నిచోట్ల కింద మనిషి తాడు లాగి పట్టుకుని ఆపుతాడు, అదీ ఒక పద్ధతే. కానీ ఆ కింది మనిషి అటు చూస్తూ తాడు చేతిలో పట్టుకుని ఉండాలి. మీవాళ్ళు ఏం చేశారో నాకు తెలీదు.

గాజువాక_బుల్లోడు
అయితే మీరు వెనక్కి రావడమే కరెక్ట్. నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ ఒంటికి ముందే తెలిసిపోయింది.

నిద్రగన్నేరు
లేదండీ. ఆ మాట వింటే హాయిగా ఉంది కానీ ఒప్పుకోలేను. రెండో తాడు లేదని నాకు తెలీదు. తెలిసి ఆగలేదు. రెండో తాడు ఉన్నా ఆ రోజు ఆగిపోయేదాన్నే. నాకు భయం వేసింది, అంతే. క్యాంపు వాళ్ళ తప్పు వేరు, నా భయం వేరు. ఆ తప్పు చూపించి నా భయాన్ని దాచుకుంటే, మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలీదు నాకు.

లెక్కల_మాస్టారు
అమ్మా, ఈ నాలుగు వాక్యాలు రాయగలిగావు. ఆ చివరి రోజు గుండ్రంగా కూర్చున్నవాళ్ళలో ఎందరు ఇంత నిజం చెప్పి ఉంటారు?

నర్సు_అక్క
ఎవరూ అడగని సంగతి అడుగుతాను. ఆ రోజు నీళ్ళు తాగావా?

ఒక కాలేజీ క్యాంపుకి ఫస్ట్ ఎయిడ్ కోసం వెళ్ళాను. రెండు రోజుల్లో నలుగురు అమ్మాయిలు కళ్ళు తిరిగి పడ్డారు. ఎండ దెబ్బ అన్నారు అందరూ. కూర్చోబెట్టి అడిగితే బాత్రూమ్ దూరం, తలుపుకి గడియ లేదు, అందుకని పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేశారు. ఒక పిల్లకి నెలసరి, చెప్పలేక పరుగు కూడా తీసింది. ఒంట్లో నీళ్ళు లేకపోతే గుండె దడ, వణుకు ఎక్కువవుతాయి. అదంతా భయం అనుకుంటాం.

పిల్లల్ని పంపేవాళ్ళు కొన్ని అడిగి తెలుసుకోండి. ఫస్ట్ ఎయిడ్ తెలిసిన మనిషి ఉన్నారా? దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం, బండి క్యాంపు దగ్గరే ఉంటుందా? ఏజెన్సీలో, అంటే మన్యం కొండల్లో, మలేరియా ఉంది, దోమతెర ఇస్తారా? తిరిగొచ్చిన కొన్ని వారాల్లో చలిజ్వరం వస్తే డాక్టరుకి ఏజెన్సీకి వెళ్ళొచ్చామని తప్పకుండా చెప్పండి. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కొయ్యడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళడమే. ఇంకొకటి, హార్నెస్‌లో కదలకుండా చాలాసేపు వేలాడితే కాళ్ళలో రక్తం నిలిచి స్పృహ తప్పవచ్చు. మధ్యలో ఇరుక్కున్న మనిషిని త్వరగా దించే పద్ధతి తెలిసిన ట్రైనర్ ఉండాలి.

నిద్రగన్నేరు
అక్కా, తాగలేదు. మీరన్న కారణమే. టీ రెండు గుక్కలు తాగానంతే.

కోరుకొండ_కుర్రోడు
నేను చదివింది కోరుకొండ సైనిక్ స్కూల్లో. మల్లి మస్తాన్ బాబు గారు మా స్కూలే. ఏడు ఖండాల్లో ఎత్తైన శిఖరాలు 172 రోజుల్లో ఎక్కారు, 2006లో. ఆయన కథ వింటూ పెరిగాం. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఆయన పోయారని తెలిసిన రోజు చాలా సేపు ఏమీ మాట్లాడలేకపోయాను. అంతటి మనిషిని కూడా కొండ తీసుకుపోయింది.

తర్వాత నేను ఉత్తరకాశిలో పర్వతారోహణ బేసిక్ కోర్సు చేశాను. పెద్ద శిఖరాలకి వెళ్ళేవాళ్ళు ముందే ఒక టైము నిర్ణయించుకుంటారని అక్కడ చెప్పారు. ఆ టైముకి శిఖరం చేరకపోతే, యాభై అడుగుల దూరంలో ఉన్నా వెనక్కి తిరగాలి. మా రోప్‌లో, అంటే మా జట్టులో, ఒకతను అలా తిరిగొచ్చి టెంట్లో మౌనంగా కూర్చుంటే, మా ట్రైనర్ వచ్చి టీ గ్లాసు చేతిలో పెట్టి "రేపు ఏ టైముకి లేస్తావు?" అని మాత్రం అడిగాడు. ఎందుకు తిరిగొచ్చావని అడగలేదు. అక్కా, ఆ రోజు మిమ్మల్ని ఎవరైనా అలా అడిగుంటే ఇక్కడ ఈ పోస్టు ఉండేది కాదు.

కంచరపాలెం_కిట్టు
ఇది చదివి రెండుసార్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. ఆ కోర్సుకి ఎవరైనా వెళ్ళొచ్చా అన్నా?

కోరుకొండ_కుర్రోడు
వయసు, ఆరోగ్యం సరిపోతే వెళ్ళొచ్చు. డార్జిలింగ్‌లో 1954 నుంచి హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశిలో 1965 నుంచి నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. బేసిక్ కోర్సు దాదాపు నాలుగు వారాలు. అందులో 'A' గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్‌కి తీసుకుంటారు. ఇప్పటినుంచే కైలాసగిరి మెట్లు బరువు బ్యాగుతో ఎక్కడం మొదలుపెట్టు.

కొత్తవలస_ప్యాసింజర్
రైల్వేలో రిటైరైనవాణ్ణి. నాకు క్యాంపులూ తాళ్ళూ తెలియవు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాను. కొండ కింద తొలి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే 32 కిలోమీటర్లు. మూడో ఏడు హనుమంతవాక దగ్గర మోకాలు పట్టేసింది, రోడ్డు పక్కన కూలబడ్డాను. ముక్కూ మొహం తెలియని కుర్రాడొకడు మజ్జిగ ఇచ్చి, అరగంట నా పక్కనే కూర్చున్నాడు. తర్వాత ఇసుకతోట దాకా భుజం ఇచ్చి నడిపించాడు. వాడి స్నేహితులు ముందుకి వెళ్ళిపోయారు. "నీ ప్రదక్షిణ లేటవుతోంది బాబూ" అంటే "ఇదీ అందులోదే తాతగారూ" అన్నాడు. ఆ ఏడాది నేను పూర్తి చెయ్యలేదు. ఆ తర్వాతి ఏడాది చేశాను.

నిన్ను ఒక సంగతి అడుగుతాను తల్లీ. ఆ నాలుగు రోజుల్లో బండ కాకుండా ఇంకేం చేశావో రాయలేదు. అదీ చెప్పు.

వైజాగ్_థ్రిల్స్
రండి రండి! 2 రోజుల ప్యాకేజీ, జిప్ లైన్ + ర్యాపెలింగ్ + బొంగులో చికెన్! భయం మాయం గ్యారంటీ!! ఫోన్ చేయండి...

నిర్వాహకుడు
పై పోస్టులో ఫోన్ నంబరు తీసేశాను. ప్రకటనలు ఇక్కడ వద్దు. క్యాంపుల పేర్లూ ఎవరూ రాయకండి.

కంచరపాలెం_కిట్టు
నంబరు తీసేసినా బొంగులో చికెన్ ఉంచారు, థాంక్స్.

నిద్రగన్నేరు
తాతగారూ, మీరడిగాక కూర్చుని ఆలోచించాను.

మూడో రోజు 11 కిలోమీటర్ల నడకలో మా టీమ్‌లో ఒకావిడకి పిక్క పట్టేసింది. ముందువాళ్ళు వెళ్ళిపోయారు. నేను ఆగాను. ఆవిడ బ్యాగు ముందు, నాది వెనక వేసుకుని నడిచాను. దారి మధ్యలో గెడ్డ, మోకాలి లోతు నీళ్ళు, అడుగున రాళ్ళు పాకుడు పట్టి ఉన్నాయి. ఒక కర్ర విరిచి, ముందు కర్ర ఆనించి చూసుకుని, తర్వాత నా కాలు, తర్వాత ఆవిడ చెయ్యి, అలా అంగుళం అంగుళం దాటాం. సగంలో ఆవిడ జారితే పట్టుకున్నాను. మేం చేరేసరికి అందరూ భోజనాలు చేసేశారు. చల్లారిన సాంబారన్నం తిన్నాం. ఆవిడ ఏమీ అనలేదు, తన అప్పడం నా కంచంలో వేసింది.

ఈ సంగతి నాకు లెక్కలోకే రాలేదు. అందులో భయం వెయ్యలేదు కాబట్టి ధైర్యం అనుకోలేదు.

ఉప్పుగాలి
గెడ్డలో కర్ర ముందు పెట్టి నడిచావు కదమ్మా. బండ మీద నీ చేతికి ఆ కర్ర ఎవరూ ఇవ్వలేదు. అంతే తేడా.

సీతమ్మధార_అమ్మ
వీడియో సంగతి ఏమైంది?

నిద్రగన్నేరు
నిన్న అడిగాను. తీసినతను నా పక్క సీటే. "నన్ను అలా చూసి నవ్వుకోవడం నాకు బాధగా ఉంది, తీసెయ్యి" అని అందరి ముందే అన్నాను. గొంతు వణికింది, కానీ వాక్యం పూర్తి చేశాను. అతను వెంటనే తీసేశాడు. సాయంత్రం క్యాంటీన్‌లో నా దగ్గరికి వచ్చి, తను దిగినప్పుడు బట్టలు తడిసిపోయేంత భయపడ్డానని, "భయం పోయింది" అని ఆ రోజు ఉత్తినే చెప్పానని అన్నాడు. నాకు ఏమనాలో తెలియలేదు.

లెక్కల_మాస్టారు
ఏమీ అనక్కర్లేదు. విన్నావు కదా, చాలు.

తాడు_మనిషి
నిద్రగన్నేరు గారూ, వెళ్ళాలని ఉంటేనే చెప్పండి. మా పాత స్నేహితులం కొందరం ఆదివారం పొద్దున్న ఊరి బయట చిన్న బండల దగ్గర ప్రాక్టీసు చేస్తాం. డబ్బులు లేవు, సర్టిఫికెట్ లేదు. ఆడవాళ్ళూ పిల్లలూ వస్తారు, మీరు ఎవరినైనా తోడు తెచ్చుకోండి. మొదటి రోజు ముడులు మాత్రమే. ఎప్పుడు వద్దంటే అప్పుడు విప్పేస్తాం.

నిర్వాహకుడు
ఆ చోటు వివరాలు ఇద్దరూ విడిగా మాట్లాడుకోండి. తోడు లేకుండా మాత్రం వెళ్ళకండి అమ్మా.

నిద్రగన్నేరు
(ఐదు వారాల తర్వాత)
ఎవరైనా ఇంకా చదువుతున్నారా? సంగతులు చెప్దామని వచ్చాను.

పిక్క పట్టిన ఆవిడే నాకు తోడు వస్తోంది. మొదటి ఆదివారం ఎనిమిది అంకె ముడి నేర్పారు. ఇంటికొచ్చి బట్టలారేసే తాడుతో వెయ్యిసార్లు వేసుంటాను, మా అమ్మ రెండు రోజులు చీరలు కుర్చీల మీద ఆరేసింది. రెండో వారం పన్నెండు అడుగుల వాలు. జడ చుట్టి ముడేసి చొక్కా లోపల దోపుకున్నాను, నీళ్ళు కడుపునిండా తాగాను. రెండో తాడు కట్టారా అని నేనే లాగి చూశాను. అంచు దగ్గర మళ్ళీ కాళ్ళు ఆగిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. తాడు మనిషి గారు "ఎడం పాదం ఒక్క జానెడు కిందికి" అన్నారు. పెట్టాను. "ఇప్పుడు కూర్చో." కూర్చున్నాను. తాడు బిర్రుగా బిగుసుకుని హార్నెస్ తొడలకి పట్టింది. ఆ బిగువు తగిలాక నా వేళ్ళు వాటంతటవే కొంచెం వదులయ్యాయి.

ఇప్పటికి 25 అడుగులు దిగాను. భయం పోలేదు, ప్రతిసారీ అంచు దగ్గర వస్తుంది. ఆ 60 అడుగుల బండకి ఇంకా వెళ్ళలేదు.

ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్ళకి ఒక ఉత్తరం రాశాను. వచ్చే ఏడాది ఏ క్యాంపుకి పంపినా ముందు ఏమేం అడగాలో, నర్సు అక్క, తాడు మనిషి గారు ఇక్కడ రాసినవన్నీ అందులో పెట్టాను. పాడేరు గారి గ్లాసుల సంగతి కూడా.

పోయిన వారం కింద నిలబడి సేఫ్టీ తాడు పట్టుకునే పని నాకిచ్చారు. దిగుతున్నది పదమూడేళ్ళ కుర్రాడు. అంచు మీద నిలబడి "అక్కా, పట్టుకున్నావా?" అని అరిచాడు. పట్టుకున్నాను అన్నాను. వాడు నాలుగుసార్లు అడిగాడు, నేను నాలుగుసార్లూ చెప్పాను.

గాజువాక_బుల్లోడు
నేనూ రావచ్చా ఆదివారం? దూకడం తప్ప ఏమీ రాదు నాకు, మొదటి నుంచి నేర్చుకుంటాను.

తాడు_మనిషి
రండి. ముడుల దగ్గర్నుంచి మొదలు.

పాడేరు_కాఫీ
మా ఊరి కుర్రాళ్ళిద్దరు గైడ్లవ్వాలని తాడు పని నేర్చుకుంటున్నారు. మీ ఆదివారాల్లో ఒక రోజు వాళ్ళని పంపనా? బస్సు దిగేసరికి ఎనిమిదవుతుంది.

తాడు_మనిషి
తప్పకుండా పంపండి. ఆ రోజు తొమ్మిదికి మొదలుపెడతాం.

నిద్రగన్నేరు
బుల్లోడు గారూ, చెప్పులతో రాకండి, లేసులున్న బూట్లు వేసుకోండి. నీళ్ళ సీసా పెద్దది తెచ్చుకోండి, అక్కడ కుళాయి లేదు.